అక్క ఊరి కోసం వేసిన సున్నం

ఈమధ్య మా బంధువుల అబ్బాయి ఒకడు నగరపాలక సంస్థలో ఉద్యోగం వచ్చిందని మిఠాయి డబ్బాతో మా ఇంటికి వచ్చాడు. డబ్బా చేతికిచ్చాడే గాని ముఖంలో సంతోషం లేదు. ఏమైందని అడిగితే, తనను ప్రోటోకాల్ సెక్షన్‌లో వేశారని చెప్పి నిట్టూర్చాడు. అక్కడ శాలువాలు కప్పడం, బొకేలు అందించడం తప్ప పనేముంటుందని వాడి బాధ. నాకు కాస్త కోపం వచ్చింది. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం ఆ సెక్షన్‌లోనే గడిచింది మరి. కానీ కోపం తగ్గాక ఆలోచిస్తే వాడన్నది చాలావరకు నిజమే. అందుకని నిజం కాని కొంచెం భాగం గురించి చెప్పాను. అదే ఇక్కడ రాస్తున్నాను. మీలో కూడా ఎవరికైనా ఆ సెక్షన్ రావచ్చు.

మా గదిలో రెండు ఇనుప బీరువాలు ఉండేవి. ఒకదాంట్లో శాలువాలు, ఇంకోదాంట్లో గాజు పెట్టెల్లో పెట్టిన చార్మినార్ బొమ్మలు. పెద్దవాళ్ళకు పెద్ద చార్మినార్, చిన్నవాళ్ళకు చిన్న చార్మినార్. శాలువాల సంగతి చెబితే నవ్వుతారు. మేం ఒకరికి కప్పిన శాలువా దుకాణానికి చేరి, కొన్నాళ్ళకు మళ్ళీ మా బీరువాలోకే వచ్చేది. అంచు దగ్గర టీ మరక ఉన్న ఒక ఎర్ర శాలువానైతే నేను పాత స్నేహితుణ్ణి చూసినట్టు గుర్తుపట్టేవాణ్ణి.

సోదర నగరాల, ఇంగ్లీషులో సిస్టర్ సిటీల, వ్యవహారం కూడా మా సెక్షన్‌దే. ఏదో దేశం నుంచి ఒక ఊరి వాళ్ళు వస్తారు, మన ఊరు మీ ఊరు తోబుట్టువులు అని కాగితం మీద సంతకాలు పెడతారు, ఫొటో దిగుతారు, పెద్ద చార్మినార్ పట్టుకుని వెళ్ళిపోతారు. ఆ తర్వాత ఆ తోబుట్టువుల మధ్య మాటా పలుకూ ఉండదు. కాగితాలన్నీ బీరువా పైన దుమ్ము కొట్టుకుపోయేవి. ఈసారి అట్లా కాకుండా పద్ధతిగా ఒక కార్యక్రమం పెడదామని మా సార్‌కు తోచింది. సార్ అంటే మా అదనపు కమిషనర్. పని తెలిసిన మనిషి, కానీ మచ్చ పడని చొక్కా లాంటి ఊరినే బయటివాళ్ళకు చూపించాలని ఆయన పట్టుదల.

మొదట ముందుకు వచ్చింది యూరప్‌లో నది ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరు. పేరు చెప్పను, చెప్పినా మన నోళ్ళకు తిరగదు. కౌన్సిల్ సమావేశంలో ఆ ఊరి గురించి ఒక నోట్ చదివే పని నాకు అప్పగించారు. మధ్యాహ్నం భోజనాల తర్వాతి సమావేశం. ఆ ఊళ్ళో ఆపిల్ తోటలున్నాయి, పాత రాతి వంతెన ఉంది, సంగీతోత్సవం జరుగుతుంది అని నేను చదువుతుంటే సగం సభ్యులు కళ్ళు మూసుకున్నారు. ఆ ఊరికి వరదలు అలవాటేననీ, నీళ్ళు రాకముందే ఊరిని హెచ్చరించే ఏర్పాటు వాళ్ళకు ఉందనీ చదవగానే వెనక వరస నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఆగన్నా. గా వరద ముచ్చట మల్ల సదువు."

అడిగింది ఉప్పుగూడ వైపు నుంచి గెలిచిన కార్పొరేటరమ్మ. పొట్టి మనిషి, లావు అద్దాల కళ్ళజోడు, ఎప్పుడూ నూలు చీర. గెలవకముందు ఇంట్లో బట్టలు కుట్టేది, గెలిచాక కూడా కుట్టేది. నేను మళ్ళీ చదివాను. సైరన్ నీళ్ళొచ్చాక మోగుతుందా, రాకముందు మోగుతుందా అని అడిగింది. రాకముందేనని చెప్పాను. ఎగువన నీటిమట్టం కొలిచే పరికరాలు పెడతారని, అక్కడ మట్టం పెరగగానే దిగువన ఊళ్ళో సైరన్ మోగుతుందని వివరించాను.

"అయితె నాకు గీ అక్క కావాలె" అంది ఆమె. సభంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వలేదు.

ఆమె ఎందుకు నవ్వలేదో పాతబస్తీ వాళ్ళకు చెప్పనక్కరలేదు. అంతకు ముందటి వానాకాలంలో చెరువు పొంగి, మురుగునీళ్ళు పారే నాలా పొంగి, ఉప్పుగూడలో ఆమె ఉండే గల్లీ మునిగిపోయింది. ఎవరికీ కబురు లేదు. నీళ్ళు గడప దాటాక గాని వస్తున్నాయని తెలియలేదు. గల్లీ చివర నాలాను ఆనుకుని ఉన్న ఇంట్లో ఒకామె ప్రాణం పోయింది. ఆ తర్వాత ఎప్పుడు మబ్బు పట్టినా ఆ గల్లీ వాళ్ళు పిల్లల్ని పక్కన పెట్టుకుని మేలుకునే ఉండేవారు. మళ్ళీ వానలు వచ్చేలోపు ముందస్తు కబురు వచ్చే ఏర్పాటు చేయిస్తానని కార్పొరేటరమ్మ గల్లీకి మాట ఇచ్చింది. దానికోసం ఆమె ఎక్కని మెట్లు లేవు. సర్వే చేయాలి, నివేదిక రావాలి, టెండర్ పిలవాలి అని ప్రతి గదిలోనూ అదే పాట.

ఆమె పని చేయించుకునే తీరు నేను ఇంకెవరిలోనూ చూడలేదు. మిగతా కార్పొరేటర్లు వస్తే లొల్లి. బల్ల గుద్దుతారు, పై వాళ్ళకు ఫోన్లు చేస్తారు. ఈమె పొద్దున్నే టిఫిన్ డబ్బా, ఒక గుడ్డ సంచీ పట్టుకుని వచ్చేది. నా బల్ల ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చునేది. సంచీలోంచి ఎవరిదో చీర తీసి, అంచుకు ఫాల్ కుట్టడం మొదలుపెట్టేది. ఫైలు సంగతి ఒక్కసారి అడిగేది. ఇంకా కదల్లేదంటే "మంచిదన్నా, నాకేం తొందర లేదు" అని సూదిలో దారం ఎక్కించుకునేది. ఎదురుగా ఒక మనిషి నోరెత్తకుండా కూర్చుని కుడుతుంటే ఆ ఫైలును పక్కన పెట్టి ఇంకో పని చేయడం ఎంత కష్టమో మీరు అనుభవిస్తే గాని తెలియదు. కొన్నాళ్ళకు మా ఆఫీసు ఆడవాళ్ళు కూడా చీరలు తెచ్చి ఇవ్వసాగారు. ఆమె పైసా తీసుకునేది కాదు. అకౌంట్స్‌లో పని చేసే ఒకావిడ తన చీర అందగానే మా ఫైలు మీద సంతకం పెట్టి పంపింది. లంచమంటే లంచమే, కాని అట్లాంటి లంచాన్ని నేను కళ్ళకద్దుకుంటాను.

ఆ ఊరి మేయరూ, వరద పనులు చూసే ఇంజనీరూ వస్తున్నారని ఖాయమయ్యాక అసలు గొడవ మొదలైంది. సార్ తయారు చేసిన కార్యక్రమంలో అద్దాల మేడలున్న కొత్త నగరం ఉంది, కోట ఉంది, విందు ఉంది, గాజుల బజారు కూడా ఉంది. ఉప్పుగూడ లేదు. ఆమె సార్ గదికి వెళ్ళింది, నన్నూ వెంట రమ్మంది. అక్కడ నాలా తప్ప చూపించడానికి ఏముందమ్మా అని సార్ మర్యాదగానే అడిగారు.

"సార్, సిస్టర్ సిటీ అని మీరే రాసిండ్రు. అక్క ఇంటికొస్తె ముందర రూముల కూసోబెట్టి, చాయ్ తాగిపిచ్చి పంపుతమా? సీదా వంటింట్లకే వస్తది. మాడిన గిన్నె గూడ ఆమెకు చూపిస్తం. బయటోళ్లొస్తెనే తలుపు దగ్గరికేస్తం."

సార్ చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండిపోయారు. ఆయనకు ముగ్గురు అక్కలని నాకు తెలుసు. చివరికి ఒక పూట ఉప్పుగూడకు కేటాయించారు.

ఆ ఊరి వాళ్ళకు ఈ మార్పు రాసి పంపితే ఇంజనీరు నుంచి జవాబు వచ్చింది. గల్లీలో వరద నీళ్ళు ఏ ఎత్తు వరకు వచ్చాయో గోడల మీద మరకల్ని చూడాలని ఉందన్నాడు. ఆ మరకలు స్పష్టంగా ఉంటే నీళ్ళు ఎట్లా పారాయో లెక్క కట్టి, ఎగువన పరికరం ఎక్కడ పెట్టాలో, సైరన్ ఎక్కడ నిలబెట్టాలో తేల్చవచ్చు. అప్పుడు స్నేహంలో మొదటి పనిగా ఆ ఏర్పాటు తమ ఊరే వచ్చే వానలలోపు చేసి పెడుతుంది. మరకలు లేకపోతే మాత్రం ఏళ్ళ తరబడి అధ్యయనం చేయాలి. ఇదీ సారాంశం. నేను కార్పొరేటరమ్మకు చదివి వినిపించాను. ఆమె సూది ఆపి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. గోడల మీద మట్టి గీతలు ఇన్ని నెలలైనా చెక్కుచెదరలేదని, తమ గల్లీలో ప్రతి గోడా సాక్ష్యమేనని చెప్పింది. వెళ్ళి గల్లీ వాళ్ళతో ఒకే ముక్క అందట: విదేశాల నుంచి అక్కలొస్తున్నరు, గల్లీ జర నీటుగ ఉంచుండ్రి.

ఆ ఒక్క ముక్క చాలింది కొంప మునగడానికి.

వాళ్ళు వచ్చే రోజు పొద్దున నేను ఛత్రినాకలోని మా ఇంటి నుంచి ఆటో పట్టుకుని ముందుగా ఉప్పుగూడ చేరాను. గల్లీ మలుపు తిరగక ముందే పచ్చి సున్నం వాసన తగిలింది. మలుపు తిరిగాక నాకు పైప్రాణాలు పైనే పోయాయి. గల్లీ ఈ మొదలు నుంచి ఆ చివర దాకా తెల్లగా, నీలిమందు కలిపిన సున్నంతో తళతళలాడుతోంది. ఒక్క గోడ మీదా ఒక్క మరక లేదు. గుమ్మాలకు మామిడాకులు, ముంగిట్లో ముగ్గులు. నాలా పొడవునా పెళ్ళిపందిరి గుడ్డలు కట్టి దాన్ని కనబడకుండా చేశారు. గుడ్డ చాలని చోట ఎవరివో దుప్పట్లు, ఎవరివో పట్టుచీరలు కూడా కట్టారు. గల్లీ మొదట్లో తాతల నాటి నుంచి కిరాణా దుకాణం నడుపుతున్న సేటు తన ఖర్చుతో స్వాగత ద్వారం పెట్టించాడు.

గల్లీ మధ్యలో కార్చోబ్ కార్ఖానా ఉంది. చట్రానికి బిగించిన బట్ట మీద జరీ కుట్టే పని. దాని మాస్టర్, గడ్డం నెరిసిన మనిషి, మోచేతుల దాకా సున్నంతో నాకు ఎదురొచ్చాడు.

"దేఖో సాబ్, ఈద్ లెక్క చేసినం. అందరం కల్సి మూడు కోటింగులేసినం. మెహమాన్‌లకు గా గలీజ్ గీతలు కనబడొద్దని."

ఆయన ముఖం సంతోషంతో వెలిగిపోతోంది. వెనక్కి తిరిగితే కార్పొరేటరమ్మ సేటు దుకాణం అరుగు మీద కూర్చుని ఉంది. ముందు రోజంతా ఆమె మాతో పాటు ఆఫీసులోనే ఉండి, బాగా పొద్దుపోయాక చీకట్లో ఇల్లు చేరింది. పొద్దున ఇంటి తలుపు తీసినప్పుడే ఇదంతా చూసిందట. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నవ్వి నవ్వి కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంది. అప్పుడు గాని నాకు తెలియలేదు, ఆ కళ్ళల్లో ఉన్నవి నవ్వు నీళ్ళు మాత్రమే కాదని.

"ఎవలనేమంటనన్నా. నీటుగ ఉంచుండ్రని నేనే చెప్పిన. మనోళ్లకు నీటంటె గిదే గద."

నిజమే. పెళ్ళయినా, పండగైనా, ఏడాది తిరిగిన చావు ఇల్లయినా మన చెయ్యి మొదట పోయేది సున్నం బకెట్ మీదికే. వచ్చేవాళ్ళకు మన కష్టం కనబడకూడదు, కనబడితే వాళ్ళ మనసు చివుక్కుమంటుంది. ఇంత మంచి మనసుతో ఇంత పెద్ద పొరపాటు మా పాతబస్తీ వాళ్ళు తప్ప ఇంకెవరూ చేయలేరు.

సార్‌కు ఫోన్ చేశాను. ఆయన ఉప్పుగూడ రద్దు చేసి అతిథుల్ని నేరుగా భోజనానికి తీసుకెళ్దామన్నారు. ఆమె నా చేతిలోంచి ఫోన్ తీసుకుంది. "రానియ్యుండ్రి సార్. అక్కలే గద, ఏమనుకోరు" అంది, ఫోన్ నాకు ఇచ్చేసింది. సార్ ఏమనుకున్నారో గాని అనుకున్న సమయానికే అతిథుల్ని వెంటబెట్టుకుని కార్లలో వచ్చారు.

మేయర్ ఒక పెద్దావిడ. నెరిసిన జుట్టు, చాలా ఎత్తు మనిషి. స్వాగత ద్వారం కింద తల వంచి రావలసి వచ్చింది. ఇంజనీరు భుజాన మట్టం చూసే యంత్రం, మూడు కాళ్ళ స్టాండు ఉన్నాయి. గల్లీ ఆడవాళ్ళు బొట్టు పెట్టారు, అత్తరు రాశారు, సేటు సోంపు పెట్టాడు. ఇంజనీరు మాత్రం గోడల్నే చూస్తున్నాడు. ఈ గోడ చూసి, ఆ గోడ చూసి, చివరికి మరకలేవని నన్ను అడిగాడు. ఇంగ్లీషూ తెలుగూ కలిపేది నేనొక్కణ్ణే. నేను నీళ్ళు నమిలాను. వాన కడిగేసిందని చెబుదామా అని కూడా అనిపించింది. కార్పొరేటరమ్మ నా పక్కకు వచ్చింది.

"ఉన్నదున్నట్టు చెప్పన్నా. అక్కకు అబద్ధం చెప్తె ఎట్ల?"

చెప్పాను. సున్నం ఎందుకు వేశారని మేయర్ అడిగింది. మీరు వస్తున్నారని వేశారట అన్నాను. ఆవిడ ఆ తెల్లని గోడలన్నీ ఒకసారి చూసింది. తమ ఊళ్ళో ప్రతి వరదకూ నీళ్ళు వచ్చిన ఎత్తున వంతెన రాతి మీద ఒక గీత చెక్కుతారని, తన చిన్నప్పుడు చెక్కిన గీత ఇప్పటికీ ఉందని చెప్పింది. నేను అది తెలుగులో చెప్పగానే గల్లీ వాళ్ళ ముఖాలు వాడిపోయాయి. కార్చోబ్ మాస్టర్ తన చేతుల మీది సున్నాన్ని కుర్తాకు తుడుచుకున్నాడు. ఇంజనీరు విచారంగా తల ఊపి స్టాండు కాళ్ళు మడవసాగాడు.

కార్పొరేటరమ్మ తన గోడ దగ్గరికి వెళ్ళి ఛాతీ ఎత్తున అరచెయ్యి ఆనించింది. నీళ్ళు ఇంతవరకు వచ్చాయని చెప్పమంది. ఇంజనీరు మంచివాడే, కాని మొహమాటం లేదు. భయంలో చూసిన నీళ్ళు మనిషికి ఎక్కువ ఎత్తుగా గుర్తుంటాయని, తను జ్ఞాపకాన్ని కొలవలేనని అన్నాడు. అది కూడా ఉన్నదున్నట్టే చెప్పాను. ఆమె చుట్టూ చూసింది. గోడ పక్కన బకెట్ అడుగున చిక్కటి నీలిమందు నీళ్ళు మిగిలి ఉన్నాయి. అందులో చెయ్యి ముంచి, అదే చోట గోడకు గట్టిగా అద్దింది. తెల్లని గోడ మీద అయిదు వేళ్ళతో నీలం చెయ్యి పడింది.

"అందరు ఎవలి గోడ కాడికి వాళ్లు పోండ్రి. నీళ్లు ఎందాక వచ్చినయో గాడనే చెయ్యి వెట్టుండ్రి. ఒగలను చూసి ఒగలు వెట్టొద్దు. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

బకెట్ చేతులు మారింది. ప్రతివాళ్ళూ తమ గోడ ముందు నిలబడి ఆ రోజును తలుచుకుంటున్నట్టు కళ్ళు మూసుకున్నారు, తర్వాత చెయ్యి అద్దారు. పసుపు చేతులు అద్దే అలవాటున్న ఇళ్ళూ, గంధం చేతులు అద్దే అలవాటున్న ఇళ్ళూ ఆ పూట ఒకే నీలంలో చేతులు ముంచాయి. గల్లీ నాలా వైపు వాలుగా ఉంటుంది కనుక ఒక్కో ఇంటికి ఒక్కో ఎత్తు. ఎగువన ఉన్న సేటు తన బొజ్జతో వంగలేక వంగి మోకాలి దగ్గర చెయ్యి పెట్టాడు. పరిహారం అడిగిన రోజుల్లో నీళ్ళు నడుం దాకా వచ్చాయన్న మనిషి ఆయన. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన సిగ్గుపడుతూ నవ్వాడే గాని చెయ్యి తీయలేదు. కార్చోబ్ మాస్టర్ తన గోడ మీద భుజం ఎత్తున అద్దాడు.

ఇంజనీరు మడిచిన స్టాండు మళ్ళీ విప్పాడు. యంత్రంలోంచి సేటు గోడ మీది చేతిని చూశాడు, తర్వాత దాన్ని మెల్లగా తిప్పుతూ ఒక్కో గోడనూ చూశాడు. గల్లీ వాలినా నీళ్ళు వాలవు కదా. చేతులు నిజం చెప్తుంటే అన్నీ ఒకే మట్టంలో ఉండాలి. మేమంతా అతని వైపే చూస్తున్నాం. అతను తల ఎత్తి మేయర్‌తో ఏదో అన్నాడు, తర్వాత నాతో ఇంగ్లీషులో అన్నాడు. గల్లీ పొడవునా చేతులన్నీ దాదాపు ఒకే గీతలో ఉన్నాయి, తేడా అంతా బెత్తెడు లోపే. అది నేను గల్లీ చివరి దాకా వినబడేలా తెలుగులో రెండుసార్లు చెప్పాను.

ఒక్క ఇల్లు మిగిలింది. గల్లీ చివర, నాలా పక్కన, తాళం వేసిన ఇల్లు. దానికి కూడా గల్లీ వాళ్ళు మూడు కోటింగుల సున్నం వేశారు. నీళ్ళు అన్నిటికంటే ఎత్తుకు వచ్చింది అక్కడే. ఇంజనీరు ఆ గోడ వైపు చూపించి ఇక్కడెవరు ఉంటారని అడిగాడు. కార్పొరేటరమ్మ బకెట్ అందుకుని ఆ ఇంటి వైపు నడిచింది. కార్పొరేటరమ్మను ఆపా, అంటే అక్క, అని పిలిచే కార్చోబ్ మాస్టర్ నా చెవి దగ్గరికి వంగి మెల్లగా చెప్పాడు.

"ఆపా వాళ్ల సొంత అక్క ఇల్లు సాబ్. ఇద్దరు కల్సి బట్టలు కుట్టేది. నీళ్లొచ్చినప్పుడు మిషన్ పైన వెడదామని లోపలనే ఉండిపోయింది. మేం పోయేసరికి అయిపోయింది."

ఏళ్ళు కాకపోయినా నెలల తరబడి నా ఎదురుగా కూర్చుని కుట్టిన మనిషి ఈ మాట ఒక్కసారి కూడా చెప్పలేదు. అక్క పేరు చెబితే ఏ గదిలోనైనా ఫైలు ఒక్క రోజులో కదిలేదేమో. ఆమె దాన్ని వాడుకోలేదు. గల్లీ పేరుతోనే అడిగింది, గల్లీ కోసమే కూర్చుంది. నా ముప్పై ఏళ్ళ పైచిలుకు ఉద్యోగంలో నేను మనసులో దండం పెట్టుకున్న మనుషులు కొద్దిమందే. వాళ్ళలో మొదటి మనిషి ఆ నిమిషంలో నీలం బకెట్‌తో నా ముందు నడుస్తోంది.

ఆమె చెయ్యి ముంచి గోడకేసి ఎత్తింది. అందలేదు. మునివేళ్ళ మీద నిలబడింది. ఇంకా పైన ఎక్కడో ఉంది ఆ చోటు. ఆమెకు తెలుసు, కాని చెయ్యి పోవడం లేదు. మాస్టర్ స్టూలు తేవడానికి కార్ఖానాలోకి పరిగెత్తాడు. అతను వచ్చేలోపే మేయర్ ముందుకు వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పలేదు, నేను తర్జుమా చేయలేదు. ఆవిడ చొక్కా చేతులు మడుచుకుని బకెట్‌లో చెయ్యి ముంచింది, కార్పొరేటరమ్మ పక్కన నిలబడి చెయ్యి పైకెత్తింది, ఇక్కడా అన్నట్టు చూసింది. ఈమె తల అడ్డంగా ఊపి, ఇంకా పైకి అన్నట్టు చూపించింది. ఆవిడ చెయ్యి ద్వారబంధం దాటింది. ఇంకా పైకి. ఆవిడ కూడా మునివేళ్ళ మీద లేచింది.

"గాడ. గాడ్నే అక్కా" అంది కార్పొరేటరమ్మ.

నీలం చెయ్యి అక్కడ పడింది. ఇంజనీరు యంత్రంలోంచి చూసి తల ఊపాడు. ఆడవాళ్ళిద్దరూ నీలం చేతులతోనే ఒకరి చేతులు ఒకరు పట్టుకున్నారు. మా సార్ అటు తిరిగి నాలాకు కట్టిన పందిరి గుడ్డ ముడి ఒకటి విప్పసాగారు. తర్వాత సేటు, మాస్టర్ కూడా చేయి వేశారు. గుడ్డలూ దుప్పట్లూ పట్టుచీరలూ ఒక్కొక్కటే కిందికి దిగి, నాలా తన కంపుతో సహా అతిథులకు దర్శనమిచ్చింది. ఇంజనీరు సంతోషంగా దాని అంచుకు వెళ్ళి కూర్చుని కొలతలు రాసుకున్నాడు. తర్వాత కార్చోబ్ చట్రాలు పక్కకు జరిపి అక్కడే అందరికీ భోజనాలు పెట్టారు. సార్ ఏర్పాటు చేసిన విందుకు మేం ఎంత ఆలస్యంగా వెళ్ళామో, వెళ్ళి ఏమీ తినలేక ఎట్లా కూర్చున్నామో చెప్పను.

సంతకాల సభలో మేయర్‌కు నేను బీరువాలోంచి పెద్ద చార్మినార్ తీసి ఇచ్చాను. ఆవిడ మర్యాదగా పుచ్చుకుంది. కార్పొరేటరమ్మ తన వంతుగా ఒక నూలు చీర ఇచ్చింది, ఫాల్ కుట్టి మరీ. రెండింటిలో ఆవిడ దేన్ని గుండెలకు హత్తుకుందో మీరే ఊహించుకోండి.

వానలు రాకముందే ఎగువన పరికరం, గల్లీ మొదట్లో సైరన్ స్తంభం వచ్చాయి. సైరన్ మోగగానే అందరూ దగ్గరలోని బడి మేడ మీదికి ఎక్కేలా గల్లీ వాళ్ళు అలవాటు చేసుకున్నారు. ఎవరి ఇంట్లో ముసలివాళ్ళను ఎవరు మోయాలో కూడా మాట్లాడుకున్నారు. సేటును ఎవరు మోయాలన్న దగ్గర మాత్రం చాలా చర్చ జరిగిందట. ఆషాఢంలో బోనాలకు గల్లీకి మళ్ళీ సున్నం వేశారు. నేను చూద్దామని వెళ్ళాను. ప్రతి గోడ మీదా నీలం చెయ్యి చుట్టూ జాగ్రత్తగా వదిలిపెట్టి మిగతా గోడంతా తెల్లగా వేశారు. రంజాన్‌కు మాస్టర్ కార్ఖానా గోడకూ అట్లాగే వేశారని తర్వాత విన్నాను.

ఆ ఏడు దసరా ముందు పెద్ద వాన కురిసింది. నేను అప్పటికి రిటైరయ్యి ఇంట్లోనే ఉన్నాను. ఛత్రినాకలో మా వీధి కూడా కాలువలా పారుతోంది. సాయంత్రం దూరంగా ఆ సైరన్ వినబడింది. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను, అంతకంటే చేయగలిగింది లేదు. కార్పొరేటరమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. టీవీలో ఫలక్‌నుమా వైపు రోడ్లు మునిగాయని చూపిస్తున్నారు. మా ఆవిడ టీ తెచ్చి పెట్టింది, అది అట్లాగే చల్లారిపోయింది.

చీకటి పడే వేళకు ఫోన్ ఆమె దగ్గరి నుంచే వచ్చింది. వెనక పిల్లల అరుపులు, పెద్దవాళ్ళ మాటలు, సేటు ఎవరినో కసురుకోవడం వినిపిస్తున్నాయి. ఆమె ఒగరుస్తోంది.

"అన్నా, ఫికర్ చెయ్యకు. నీళ్లు గల్లీలకొచ్చినయ్. మేమైతె అందరం బడి మీదున్నం. ఒగలెనక ఒగలను నిలవెట్టి రెండుసార్లు లెక్క వెట్టిన." పిల్లల్ని అరవొద్దని చెప్పి మళ్ళీ ఫోన్‌లోకి వచ్చింది. "ఈసారి ఎవ్వలు తక్కువ లేరన్నా."